నాలుగో ముడి

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరూ నా ముఖం వైపు చూస్తారు, ఎక్కడ వెటకారం మొదలుపెడతానోనని. పద్నాలుగేళ్లుగా సికింద్రాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తున్నాను. రిపోర్టు తేడాగా వస్తే పరీక్ష మళ్ళీ చేస్తాం. అప్పుడూ తేడాగా వస్తే మిషన్‌ని అనుమానిస్తాం. మిషన్ బాగుంటే శాంపిల్ తీసినవాళ్ళని అనుమానిస్తాం. ఈ వరుసలో దయ్యానికి ఎక్కడా చోటు లేదు.

మాది విజయనగరం వైపు. చిన్నప్పుడు మా మేనత్తలు చెప్పిన దయ్యాల కథలన్నీ నోరు తెరుచుకుని విన్నాను గానీ ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్మడం లేదనే అనుకుంటున్నాను. కాకపోతే నిరుడు వేసవిలో నా కారు విషయంలో జరిగింది ఉన్నదున్నట్టు రాసి పెట్టాలనిపించింది. చదివినవాళ్ళకు ఏదైనా దారి తోస్తే నాకు చెప్పండి. నిజంగానే అడుగుతున్నాను.

ముందు ఖాదర్ ఉస్తాద్ గురించి చెప్పాలి. చిలకలగూడలో ఒక సందు మొదట్లో ఆయనకు ఒంటి షట్టర్ దుకాణం ఉండేది. ఆటో ఎలక్ట్రీషియన్. ఇంజిన్ జోలికి వెళ్ళరు. బండిలో వైర్లు, లైట్లు, బ్యాటరీ, సెల్ఫు, అదీ ఆయన పని. నా పాత కారు పదకొండేళ్లు ఆయన చేతి చలవ వల్లే నడిచింది.

ఆయనకొక అలవాటుండేది. తెగిన వైరు అతికాక మిగతావాళ్ళు టేపు చుట్టి వదిలేస్తారు. ఈయన ముందు చెప్పులు కుట్టే మైనపు దారంతో ముడులు వేసి, ఆ పైన టేపు చుట్టేవారు. మన ఎండలకు టేపు జిగురు కరిగి జారిపోతుందట, దారం జారదట. ముడులు ఎన్ని వేయాలన్నదానికి కూడా ఒక పద్ధతి ఉంది. బండి ఒకే రోగంతో ఎన్నిసార్లు దుకాణానికి వస్తే అన్ని ముడులు. మొదటిసారే దొరికిపోతే ఒక్కటే.

ఎందుకలా అని ఒకసారి అడిగాను. "ఎన్నిసార్లు తిప్పిచ్చిన్నో యాదికుండాలె గద బిడ్డా. గిరాకీ మర్చిపోయినా నేను మర్వొద్దు," అన్నారు.

ఇంకో సంగతి. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన దారం చుట్టు మామూలుగా మనం చుట్టేదానికి ఎదురుగా తిరిగి ఉండేది.

మూడేళ్ల కిందట ఆయన గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు పాత కారు అమ్మేశాను. అమ్మిన రోజు ఏడిచాను కూడా. కారు కోసమని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఇంకొన్నాళ్ళకు కొత్త కారు కొన్నాను. ఈ వరుస గుర్తు పెట్టుకోండి. ముందు ఆయన పోయారు, ఏడాది తర్వాత ఈ కారు తయారైంది. తయారైన నెల, సంవత్సరం కారు తలుపు పక్కన అతికించిన పట్టీ మీద ఉన్నాయి. ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నాను.

కొత్త కారు మహా తెలివైనది. తాళంచెవి సంచిలో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. వాన పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి. బెల్టు పెట్టుకోకపోతే మా అత్తగారికంటే ఎక్కువ గోల చేస్తుంది. ఏడాది బాగానే నడిచింది. తర్వాత ఉన్నట్టుండి ఆగడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఆలుగడ్డబావి వంతెన కింద. పొద్దున తొమ్మిదిన్నర, డ్యూటీకి వెళ్తున్నాను. డ్యాష్‌బోర్డు మీద బతుకమ్మ పేర్చినట్టు రంగురంగుల లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి, ఇంజిన్ ఆగిపోయింది. వెనక సిటీ బస్సు, దాని వెనక ఊరంతా. నిమిషం తర్వాత బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

షోరూముకు మూడుసార్లు ఇచ్చాను. ఒకసారి ఏదో సెన్సర్ మార్చారు. ఇంకోసారి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. మూడోసారి శుభ్రంగా కడిగి ఇచ్చారు. వచ్చిపోయే జ్వరానికి, జ్వరం లేనప్పుడు థర్మామీటరు పెట్టి నీకేం లేదు పొమ్మన్నట్టుంది వాళ్ళ వైద్యం. "ఎర్రర్ కోడ్ ఏం లేదు మేడమ్. కోడ్ లేకుంటే ప్రాబ్లం లేనట్టే," అన్నాడు ట్యాబ్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్. వైరింగ్ విప్పి చూడమన్నాను. వాళ్ళు వైర్లు విప్పరట, మారిస్తే మొత్తం వైర్ల కట్టే మార్చాలట. దానికి కంపెనీ అనుమతి కావాలి, అనుమతికి కోడ్ కావాలి. బయట విప్పిస్తే వారంటీ పోతుంది. ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన ఇదంతా నా డ్రైవింగ్ మహిమేనని తేల్చేశారు. ఒక ఆదివారం ఆయన నడుపుతుండగా లోతుకుంట సిగ్నల్ దగ్గర ఆగింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

వారంటీ పోతే పోయిందని యూసుఫ్ దగ్గరికి తీసుకెళ్ళాను. యూసుఫ్ ఉస్తాద్ కొడుకు, ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రి పోయాక దుకాణం తనే నడుపుతున్నాడు. మంచి స్కానర్ కొనుక్కున్నాడు. దాన్ని తగిలిస్తే షోరూములో చెప్పిందే చెప్పింది, ఏమీ లేదని. బ్యాటరీ దగ్గర బిగింపులు శుభ్రం చేసి పంపాడు. పది రోజుల తర్వాత బండి మళ్ళీ ఆగింది. రెండోసారి వెళ్తే ఒక రిలే మార్చాడు. ఆ మరమ్మతు నాలుగు రోజులే పనిచేసింది.

ఆ నెల మధ్యలో మళ్ళీ వెళ్ళినప్పుడు యూసుఫ్ నా ముఖం చూడలేకపోయాడు. "అక్కా, గీ బండొక్కటి చేసి దుకాణం బంద్ జేస్త. ఒకటో తారీకు నుంచి షోరూమ్ల అడ్వైజర్ నౌకరీ," అన్నాడు.

ఎందుకని అడిగితే, "గిప్పటి బండ్లు నాకు సమజైతలేవక్కా. అబ్బా చెయ్యి పెట్టి చెప్తుండె. నేను స్కానర్ ఏం జెప్తే గదే జెప్తున్న. గింత తక్లీఫ్ ఎందుకు? గా పనేదో టై కట్టుకొని కూసొని చెయ్యొచ్చు," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళలో నవ్వు లేదు. నాకు చాలా బాధ కలిగింది, కోపం కూడా వచ్చింది. పదకొండేళ్లు ఆ షట్టర్ ముందు ఇనప స్టూలు మీద కూర్చుని టీ తాగినదాన్ని. "స్కానర్ పక్కన పెట్టు. మీ నాన్నగారు ఎలా వెతికేవారో ఈ ఒక్కసారి అలా వెతుకు. దొరక్కపోతే టై నేనే కొనిపెడతాను," అన్నాను.

"దొరికితే?"

"దొరికితే షట్టర్ దించకూడదు."

ముందు చూద్దామన్నట్టు బానెట్ ఎత్తాడు.

ఉస్తాద్ పద్ధతి చాలా మొరటుది. ఇంజిన్ నడుస్తుండగా వైర్ల కట్టను జానెడు జానెడుగా చేత్తో పట్టుకుని వంచుతూ, లాగుతూ, ఇంజిన్ శబ్దం వింటూ పోవాలి. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. పదకొండు గంటల ఎండ. నలభై నిమిషాలు ఏమీ జరగలేదు. యూసుఫ్ చొక్కా తడిసి ముద్దయింది. బ్యాటరీ పెట్టె కింద నుంచి కట్ట ఎడమ లైటు వైపు తిరిగే మూల దగ్గర అతని చెయ్యి ఉండగా లైట్లన్నీ వెలిగి, ఇంజిన్ ఠక్కున ఆగింది.

"మళ్ళ స్టార్ట్ చెయ్యక్కా," అన్నాడు. చేశాను. అక్కడే వంచాడు, ఆగింది. మూడోసారి కూడా ఆగింది. బానెట్ పక్క నుంచి తల బయటపెట్టి నా వైపు చూశాడు. పరీక్ష పాసైన పిల్లవాడి ముఖం అది. అప్పటికి దారం సంగతి మా ఇద్దరికీ తెలియదు. చోటు దొరికింది అతని చేతికే. ఈ మాట రాయకపోతే అన్యాయం అవుతుంది.

నేను దిగి పక్కన నిలబడ్డాను. ఇక్కడి నుంచి ప్రతిదీ నా కళ్ళతో చూశాను. వైర్ల మీద ప్లాస్టిక్ గొట్టం. దాని లోపల కంపెనీ వాళ్ళు చుట్టిన నల్లటి గుడ్డ టేపు. ఎక్కడా కోసిన గుర్తు లేదు, మళ్ళీ అతికించిన అంచు లేదు. యూసుఫ్ బ్లేడుతో టేపును నిలువుగా చీల్చాడు. లోపల పదిహేను ఇరవై వైర్లు. అందులో ఒక గోధుమరంగు వైరు మీద దారం కట్టి ఉంది.

యూసుఫ్ బ్లేడు కింద పెట్టేసి గడప మీద కూలబడ్డాడు.

"ఏటైంది యూసుఫ్?" అన్నాను. కంగారు పడితే నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది. అతను వేలితో చూపించాడు.

మైనపు దారం. వరసగా నాలుగు ముడులు. చుట్టు ఎదురు దిక్కుగా తిరిగి ఉంది.

ముట్టుకోకముందే ఫోటోలు తీశాను, అది వృత్తి అలవాటు. ముడులు ఉన్నచోట యూసుఫ్ వైరును వంచి చూశాడు. పైతొడుగు బాగానే ఉంది, కొంచెం గీరి చూస్తే లోపల రాగి తీగ తెగి పచ్చగా చిలుము పట్టి ఉంది. సరిగ్గా తెగినచోటే ముడులున్నాయి. కానీ అతుకు లేదు. ఉస్తాద్ ఎప్పుడూ అతుకు వేశాకే ముడి వేసేవారు. "కట్టు గట్టిండు. అతుకు నాకిడిసిపెట్టిండు," అన్నాడు యూసుఫ్. నాకు కళ్ళు చెమర్చాయి, కాదనను.

ఆ ముక్క కత్తిరించి తీసి, కొత్త వైరు అతికాడు. ఇద్దరం లెక్క వేసుకున్నాం. బండి వచ్చింది మూడుసార్లు, ముడులు నాలుగు. నాకు ప్రాణం లేచొచ్చింది. తేడా వచ్చింది కదా, అంటే ఇది ఉస్తాద్ లెక్క కాదన్నమాట, ఇంకేదో అన్నమాట. ఆ మాటే అన్నాను. యూసుఫ్ వైరు తుడుస్తూ, "అబ్బా లెక్క తప్పడక్కా," అన్నాడు, అంతే.

ఆ ముక్కను ల్యాబ్‌కు తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. నూలు పోగు, మైనం. ఎవరు కట్టారో మైక్రోస్కోపు చెప్పదు. కంపెనీలో ఎవరైనా కట్టారా అనుకుంటే, ఆ కట్టలో ఇంకెక్కడా దారం పోగు లేదు. షోరూములో ఉస్తాద్ శిష్యులెవరైనా ఉన్నారేమోనని వెళ్ళి అడిగాను, పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. వైరింగ్ అసలు విప్పలేదని వాళ్ళ జాబ్ కార్డుల్లోనే ఉంది. యూసుఫ్‌ను కూడా అనుమానించాను, దాచడమెందుకు. కానీ నా కళ్ళముందే చీల్చిన టేపు అది. పైగా అతనిది కుడిచేతి వాటం. నా ముందు ఎన్నిసార్లు కట్టినా అతని చుట్టు మామూలుగానే వచ్చింది. అదీకాక, దుకాణం మూసేద్దామనుకున్న మనిషికి ఈ నాటకం ఎందుకు?

సమాధానం లేకపోయినా ఆ ఒక్క ముడి తేడా పట్టుకుని నిశ్చింతగా ఉన్నాను.

నెలాఖరులో ఒకరోజు ఫోనులో జాగా నిండిపోయిందంటే పాత ఫోటోలు తీసేస్తూ కూర్చున్నాను. అల్వాల్ మార్కెట్లో మామిడిపళ్ళు, ల్యాబ్‌లో ఎవరిదో పుట్టినరోజు, ఆ తర్వాత దించి ఉన్న ఒక షట్టర్.

అప్పుడు గుర్తొచ్చింది. రెండోసారికీ ఆఖరుసారికీ మధ్య ఒక పొద్దున, డ్యూటీకి వెళ్తూ చెప్పకుండానే యూసుఫ్ దుకాణానికి వెళ్ళాను. షట్టర్ మూసి ఉంది, తాళం వేసి ఉంది. ఫోటో తీసి మా ఆయనకు పంపి, వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాను. ఎవరినీ కలవలేదు కాబట్టి అది వెళ్ళినట్టే లెక్క వేసుకోలేదు. కానీ బండి ఆ గడప దాకా వెళ్ళింది. అది కూడా కలిపితే నాలుగు.

ఒకటో తారీకుకు ఇంకా మూడు రోజులుంది. మర్నాడు పొద్దున్నే చిలకలగూడ వెళ్ళాను. దుకాణంలో సామాన్లు అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి. ఫోటో చూపించాను. కింద తారీకు, టైము ఉన్నాయి.

యూసుఫ్ తారీకు చూశాడు. "గా దినం ఇంటర్వ్యూకు పోయిన్నక్కా," అన్నాడు. "అబ్బా పోయినంక పనిదినం నాడు షట్టర్ దించుడు గదొక్కటే సారి. అమ్మీకి సుత జెప్పలే."

ఆ రోజు నేను వచ్చి వెళ్ళానని అతనికి తెలియదు. అతను ఎందుకు లేడో నాకు తెలియదు. చెరో సగం తెలిసిన మేమిద్దరం లెక్క మూడు అనుకున్నాం. ముడులు మాత్రం నాలుగున్నాయి.

యూసుఫ్ నా ఫోను నాకు తిరిగిచ్చి లోపలికి వెళ్ళాడు. అట్టపెట్టె విప్పి స్కానర్, కటింగ్ ప్లేయర్, మైనపు దారం ఉండ తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటో తారీకున నౌకరీకి వెళ్ళలేదు. ఇప్పుడు షోరూముల్లో ఏం లేదు పొమ్మన్న బండ్లు ఆ సందులో వరస కడుతున్నాయి. ప్రతి అతుకు మీదా ముడులు వేస్తాడు, కుడిచేత్తో.

ఆ నాలుగు ముడుల ముక్క వాళ్ళ అమ్మగారి దగ్గరుంది. నా దగ్గర ఫోటోలున్నాయి. ఎన్నిసార్లు చూసినా నాకేమీ తోచడం లేదు. రెండోసారి పరీక్ష చేస్తే గానీ దేన్నీ నమ్మని మనిషిని నేను. రోజూ ఆలుగడ్డబావి వంతెన కింద కారు కొంచెం నెమ్మది చేసి చూస్తాను. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా ఆగలేదు.