మొదటి చిగురు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా పక్కింట్లో ఉండే జపనీస్ ఆంటీ కూర్చుని టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు. మరిగిన నీళ్ళు కాస్త చల్లారాకే గ్రీన్ టీ ఆకు మీద పోయాలి, లేకపోతే చేదెక్కుతుంది అనేవారు. ఆ కాసేపూ పొయ్యికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉండేవారు.

ఏప్రిల్‌లో ఆ తిరుగుడు మరీ ఎక్కువయ్యేది. జపాన్‌లో షిజువోకా కొండల్లో ఆవిడ పుట్టింటి తేయాకు తోట అప్పుడే చిగురిస్తుంది. ఓ ఏడాది, తోట చూసుకునే తమ్ముడు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కోసేవాళ్ళు దొరకడం లేదు, ఈసారికి వదిలేద్దామని ఫోన్ చేశాడు.

మర్నాడే ఆవిడ మా తలుపు తట్టారు.

"ఫ్లైట్ బుక్ చేశాను. ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చేస్తావా?"

"మొన్ననే కదా ఆంటీ మోకాలి సర్జరీ అయింది. డాక్టర్ ఓకే అన్నారా?"

"అడగలేదు. అడిగి ఆగేలోపు చిగురు ముదిరిపోతుంది."

దారిలో సిగ్నల్ పడ్డప్పుడల్లా ఆవిడ వేళ్ళు డ్యాష్‌బోర్డ్ మీద దరువేశాయి.

జూన్‌లో కర్ర పట్టుకుని తిరిగొచ్చారు. ఇంటి ముందున్న రెండు వరుసలే కోయగలిగారట. మిగతా తోటంతా ముదిరిపోయిందట. తమ్ముడు మొక్కలు పీకించేస్తానంటే వద్దని చెప్పి, ఇక్కడి ఇల్లు అమ్మడానికి వచ్చారు.

"ఈ మోకాలితో కొండమీద తోట ఎలా చేస్తారు ఆంటీ?" అన్నాను.

"తమ్ముడు ఇంక కొండెక్కలేడు. నేను మెల్లగా ఎక్కగలను," అన్నారు. "ఈసారి మార్చిలోనే ఎక్కడం మొదలుపెడతాను."