ఉస్మాన్ కారులో ముందు సీటు

మార్కాపురం బస్టాండు దగ్గర బాడుగ కార్లు నిలబడే చోట ఒక తెల్ల కారు ఉంటుంది. అది ఉస్మాన్‌ది. మనిషి మంచివాడు. బేరం గట్టిగా ఆడడు, దారిలో టీకి ఆపమన్నా ఆపుతాడు, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు. ఒక్కటే తిరకాసు. ముందు సీటు ఎవరికీ ఇవ్వడు. వెనక ముగ్గురు ఇరుక్కుని, ఒళ్లో సంచులు పెట్టుకుని కూర్చున్నా సరే, ఆ సీటు మాత్రం ఖాళీగా పోవలసిందే.

కొత్తగా వచ్చినవాళ్లు గొడవపడతారు. "బెల్టు తెగింది సార్, పోలీసులు పట్టుకుంటారు" అంటాడు ఉస్మాన్. బెల్టు తెగలేదు. ఆ సంగతి స్టాండులో అందరికీ తెలుసు.

"ఆ సీటుకు రిజర్వేషన్ ఉందన్నా" అంటాడు పక్క కారు మాల్యాద్రి, వచ్చినవాళ్ల వైపు కన్నుకొట్టి. "ఎమ్మెల్యే వచ్చినా వెనక్కే."

ఉస్మాన్ నవ్వేసి ఊరుకుంటాడు. మాల్యాద్రి ఎంత వెక్కిరించినా అతనికి కోపం రాదు. ఎందుకంటే అసలు సంగతి తెలిసినవాడు మాల్యాద్రి ఒక్కడే.

ఉస్మాన్ వాళ్ల అబ్బ బడిపిల్లల పలకలను లారీలకు ఎత్తే పని చేసేవాడు. ఉస్మాన్ ఆ లారీల్లోనే క్లీనరుగా ఎక్కి, స్టీరింగ్ నేర్చుకుని, వేరేవాళ్ల జీపులు తోలి తోలి నడివయసుకు వచ్చాడు. భార్య షాహజాదీ పలకల షెడ్డులో పని చేసేది. మిషను కింద పలకను రుద్ది నున్నగా చేసే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా బూడిద రంగులో ఉండేవి. ఎంత కడుక్కున్నా చెవుల వెనక ఆ దుమ్ము మిగిలేది. ఆమె దగ్గర ఎప్పుడూ తడిపిన పలక వాసన వచ్చేది. బళ్లో మనమందరం పీల్చిన వాసనే.

పిల్లలు కలగలేదు. ఇద్దరి కష్టం కలిపి ఒంగోలులో ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసిన డీజిలు కారు కొన్నారు. విదేశీ కంపెనీది. బాడుగ లేని రోజు షాహజాదీ ముందు సీట్లో దర్జాగా కూర్చునేది. "వెనక కూర్చుంటే బాడుగ మనిషిలాగుంటది. నేను ఓనర్‌ని" అనేది. కూర్చోగానే తన వైపు ఏసీ గాలి వచ్చే రెక్క మూసేసేది. మొహానికి చల్లగాలి కొడితే ఆమెకు పడదు.

తర్వాత దగ్గు పట్టుకుంది. పలకల దుమ్ము లోపల పేరుకుపోయిందని నంద్యాల డాక్టరు చెప్పాడు. నెలనెలా ఆ కారులోనే తీసుకెళ్లేవాడు. కంభం, గిద్దలూరు మీదుగా, నల్లమల ఘాటు ఎక్కి దిగి. మలుపు వచ్చినప్పుడల్లా ఆమెకు రొమ్ములో పొడిచినట్టయ్యేది. కంభం దాటాక ఒక చోట మూతపడిన వేబ్రిడ్జి ఉంది. లారీలను తూకం వేసేది. ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచింది. అక్కడి నుంచి కల్వర్టు వరకు రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. వేబ్రిడ్జి కనపడగానే షాహజాదీ కళ్లు మూసుకునేది.

"నిలకడగా పట్టుకో. కొంచేపు కునుకు తీస్తా."

ఉస్మాన్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, నిండు బిందె మోస్తున్నట్టు, వెంట్రుకవాసి కూడా కదలకుండా తోలేవాడు. స్పీడు పెంచేవాడు కాదు, తగ్గించేవాడు కాదు. అట్లా తోలుతుండగానే ఒక రోజు ఆమె వేబ్రిడ్జి దగ్గర కళ్లు మూసుకుంది. కల్వర్టు దగ్గర మలుపు తిప్పితే తల వాలి అద్దానికి తగిలింది. ఎక్కడ పోయిందో అతనికి తెలియదు. ఆ రెంటి మధ్య ఎక్కడో.

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక మళ్లీ బాడుగకు ఎక్కాడు. మొదటి బాడుగ గిద్దలూరే. ఒంటరిగా తిరిగివస్తున్నాడు. ఎండ మండుతోంది. కల్వర్టు మలుపు తిరిగి, ఆ తిన్నని రోడ్డు మీదకు వచ్చాడు. చేతులు వాటంతట అవే రెండూ స్టీరింగ్ మీదికి వెళ్లాయి.

కొంచెం దూరం పోయాక ఇంజను గొంతు మారింది.

ఆగిపోలేదు. తగ్గింది. నిద్రపోయే మనిషి పక్కన జనం గొంతు తగ్గించి మాట్లాడుకున్నట్టు. అప్పటిదాకా టకటక కొట్టుకుంటున్న బండి, ఊపిరి బిగబట్టుకున్నట్టు మెత్తగా పోతోంది. కారులో తడి పలక వాసన వచ్చింది. ఉస్మాన్ ఎడమ పక్కకు తిరిగి చూడలేదు. వేబ్రిడ్జి దాటాక గేదెలు అడ్డం వచ్చి స్టీరింగ్ తిప్పేసరికి ఇంజను మళ్లీ టకటకమంది. వాసన పోయింది. ఎవరో దిగిపోయినట్టయింది.

ఆ తర్వాత ఆ దారిన పోయిన ప్రతిసారీ అంతే. పోను, రాను. వెనక జనం ఉన్నా సరే. వాళ్లు కూడా ఆ కొంచెం దూరం ఎందుకో మాటలు ఆపేసేవాళ్లు. మొదట భయపడ్డాడు. తర్వాత ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఒంటరిగా ఉంటే మెల్లగా మాట్లాడేవాడు. ఇంట్లో కుళాయి కారుతోందని, మేకపిల్ల తప్పిపోయి దొరికిందని. అప్పటి నుంచే ముందు సీటు ఎవరికీ ఇవ్వడం మానేశాడు.

ఒకసారి మాల్యాద్రికి చెప్పాడు. మాల్యాద్రి నవ్వకుండా కారు అడిగి తీసుకుని, తనే తోలుకుంటూ పోయి వచ్చాడు.

"నాకేం వినపళ్లేదు భాయ్. ఎప్పట్లాగే అరుస్తా ఉండాది."

"నీ కోసం ఎందుకొస్తది రా?" అన్నాడు ఉస్మాన్.

మాల్యాద్రి ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, ఇంకో చేతి వేలితో స్టీరింగ్‌ను అటూ ఇటూ ఆడిస్తూ తోలే రకం. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇట్లా ఉండగా ఒంగోలు షోరూము నుంచి ఫోను వచ్చింది. ఆ మోడలు డీజిలు కార్లన్నీ కంపెనీ వెనక్కి పిలుస్తోందట. కారులోని సాఫ్ట్‌వేర్‌లో తప్పుందట. మార్చి ఇస్తారట, ఫ్రీగానే.

"పుట్టింటికి పిలుస్తున్నారు భాయ్ నీ బండిని" అన్నాడు మాల్యాద్రి. "సారె పెట్టి పంపిస్తారు, పో."

ఉస్మాన్ పోయాడు. షోరూము షెడ్డులో మోహన్‌కృష్ణ అనే కుర్ర ఇంజనీరు కారు చుట్టూ తిరిగి చూశాడు. అదే మోడలు కార్లు ఇంకా వరసగా నిలబడి ఉన్నాయి. ఓనర్లు కుర్చీల్లో కూర్చుని విసుక్కుంటున్నారు.

"ఏంది నాయనా దీని జబ్బు?" అని అడిగాడు ఉస్మాన్.

"జబ్బు కాదన్నా, దొంగబుద్ధి. పొగ టెస్టు చేసేటప్పుడు బండిని ఒకచోట నిలబెట్టి చక్రాలు తిప్పుతారు గదా? చక్రాలు తిరుగుతా ఉంటాయి, స్టీరింగ్ కదల్దు. అది చూసి ఈ బండి కనిపెట్టేస్తది, నన్ను టెస్టు చేస్తున్నారని. అప్పుడు మంచిగా, విషం వదలకుండా నడుస్తది. రోడ్డు మీదికి పోయినాక మళ్లీ మామూలే. కంటికి కనపడే పొగ కూడా కాదు, కనపడని గాలి. అదే ఊపిరితిత్తులకు చేటు."

ఉస్మాన్‌కు వేబ్రిడ్జి రోడ్డు గుర్తొచ్చింది. "రోడ్డు మీద స్టీరింగ్ కదలకుండా పోతే?"

"ఎవరన్నా అట్ల తోల్తారా?" అని నవ్వాడు మోహన్‌కృష్ణ. "నువ్వు కూర్చో, చూపిస్తా."

కారును పైకి ఎత్తి, చక్రాలు గాల్లో తిరిగేటట్టు పెట్టి, కిటికీలోంచి చెప్పాడు. "స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలేటరు ఒకే తీరుగా తొక్కు."

ఉస్మాన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. కారు కదలడం లేదు, చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతున్నాయి. ఎదురుగా షెడ్డు గోడ, గోడకు సైజుల వారీగా తగిలించిన పానాలు. కొంచెంసేపు ఇంజను గోల.

తర్వాత గొంతు తగ్గింది.

అదే మెత్తదనం. అదే ఊపిరి బిగబట్టడం. పట్టపగలు, నలుగురి మధ్య, షెడ్డులో. ఇన్నేళ్లలో ఎన్నడూ తిప్పని తల ఉస్మాన్ అప్పుడు ఎడమ పక్కకు తిప్పాడు. సీటు ఖాళీగా ఉంది. సీటు మీద ప్లాస్టిక్ కవరు మాత్రం ఇంజను అదురుకు సన్నగా వణుకుతోంది.

"ఇప్పుడు కొంచెం తిప్పు" అన్నాడు మోహన్‌కృష్ణ.

తిప్పాడు. టకటక మొదలైంది.

"చూసినావా? టెస్టు అయిపోయిందనుకుంది."

"దించు" అన్నాడు ఉస్మాన్. "ఈ రోజు వద్దు. ఇంకో రోజు వస్తా."

"ఏందన్నా, ఇంత దూరం వచ్చి..."

"సాఫ్ట్‌వేర్ మారిస్తే ఈ మెత్తగా నడిచేది పోతదా?"

"దొంగ లెక్క పోతది. బండిలో పికప్ మాత్రం కొంచెం తగ్గొచ్చు, కొందరు అంటున్నారు. ఘాటు ఎక్కేటప్పుడు బరువుగా ఉంటదంట."

ఉస్మాన్ అంతవరకే విన్నాడు. పోతది అన్న మాట ఒక్కటే చెవిలో నిలబడింది.

మర్నాడు బాడుగ లేకపోయినా వేబ్రిడ్జి దగ్గరకు తోలుకుపోయాడు. తిన్నగా పట్టుకున్నాడు. ఆమె వచ్చింది. స్టీరింగ్ చిటికెడు తిప్పాడు. పోయింది. మళ్లీ పట్టుకున్నాడు. వచ్చింది. తిప్పాడు. పోయింది. కుళాయి తిప్పినట్టు. కల్వర్టు దగ్గర బండి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోయే మనిషి కాదు షాహజాదీ. ఆమె అలిగిందంటే రెండు రోజులు పలికేది కాదు. మరి ఇన్నాళ్లూ తను మాట్లాడింది ఎవరితో?

అయినా వదులుకోబుద్ధి కాలేదు. షోరూము వాళ్లు ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. దొంగదైనా సరే, తనకు మిగిలింది ఆ కొంచెం దూరం ఒక్కటే.

అట్లా ఎంత కాలం ఉండేవాడో. భాగ్యమ్మ వచ్చి మార్చింది. భాగ్యమ్మ షాహజాదీతో కలిసి అదే షెడ్డులో, పక్క మిషను మీద పని చేసిన మనిషి. ఉస్మాన్ పక్కిల్లే. పొద్దున ఉస్మాన్ బండి స్టార్ట్ చేసి తుడుస్తుంటే, ఆమె గుమ్మంలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"ఉస్మానూ, ఆ బండి కొంచెం అవతలికి పెట్టు నాయనా. నువ్వు స్టార్ట్ చేసినాక నాకు ఊపిరి ఆడదు."

"పొగ లేదు గదక్కా."

"కనపడకపోతే లేనట్టా? నా రొమ్ముకు తెలుస్తా ఉండాది. షాజాదమ్మ కూడా అనేది, ఆయన కారు ఎక్కితే నాకు ఇంకా ఎక్కువైతాదక్కా, ఆ తిన్నని రోడ్డు కాడ ఒక్కచోటే కొంచెం హాయిగా ఉంటాది అని. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు పిచ్చిది."

ఉస్మాన్ చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. ఆ తిన్నని రోడ్డు కాడ ఒక్కచోటే. ఆమె కునుకు కోసం తను చెయ్యి కదపలేదు. చెయ్యి కదలలేదని బండి విషం ఆపింది. మిగతా దారంతా ఆమె దాన్ని పీల్చింది. ఓనర్‌ని అంటూ, నవ్వుతూ.

ఆ రోజే ఒంగోలు పోయాడు. "మార్చెయ్" అన్నాడు. పని జరుగుతున్నంతసేపూ రోడ్డు మీద నిలబడ్డాడు, లోపలికి చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు వేరే ధ్యాసలో ఉన్నాడు, ఏమీ గమనించలేదు.

రెండు రోజులకు భాగ్యమ్మను నంద్యాల చూపించడానికి తీసుకెళ్లాడు. పొద్దున్నే బయలుదేరారు. ఊరు దాటేటప్పటికే ఉస్మాన్‌కు ఏదో తేడా కొట్టింది. ఇంజను అరవడం లేదు. మలుపు తిప్పాడు, అరవలేదు. గుంతలో పడి లేచింది, అరవలేదు. తర్లుపాడు వైపు నుంచి వచ్చే లారీకి దారి ఇచ్చాడు, గొంతు తగ్గించుకునే ఉంది.

"హాయిగా ఉండాది నాయనా ఈ రోజు" అంది భాగ్యమ్మ వెనక నుంచి.

కంభం వచ్చింది. వేబ్రిడ్జి వచ్చింది. అక్కడ మొదలు కావలసింది ఇంటి దగ్గరే మొదలైంది. టెస్టులో నడిచినట్టే ఇప్పుడు దారంతా నడుస్తోంది, మారడానికి ఇంకేమీ లేదు. తడి పలక వాసన కారంతా ఉంది. భాగ్యమ్మ చీరది అనుకుందామంటే, ఆమె షెడ్డు మానేసి ఏళ్లయింది.

కల్వర్టు దగ్గరకు వచ్చేసరికి అతను స్పీడు తగ్గించాడు. ఇక్కడే కదా ఎప్పుడూ దిగిపోయేది. మలుపు తిప్పాడు.

దిగలేదు.

గిద్దలూరు దాటి ఘాటు ఎక్కడం మొదలుపెట్టారు. మోహన్‌కృష్ణ చెప్పినట్టే బండి లాగడం లేదు. మూడో గేరులో అవలీలగా ఎక్కే చోట రెండో గేరు వెయ్యవలసి వచ్చింది. వెనక ఉన్నది పుల్లలాంటి భాగ్యమ్మ ఒక్కతే. బండి మాత్రం ఇంకో మనిషిని మోస్తున్నట్టు, ఆ మనిషి బరువును తెలిసి తెలిసి మోస్తున్నట్టు ఎక్కుతోంది. చెట్లు దగ్గరకు వచ్చాయి. రోడ్డు మీద ఎండ పోయింది.

"ఏందబ్బాయ్, బండి ఇంత బరువుగా ఎక్కుతాది? ఇద్దరమే గదా ఉండేది?"

"సాఫ్ట్‌వేర్ అక్కా" అన్నాడు ఉస్మాన్.

మలుపు ఎదురైంది. అతను బండిని బాగా తగ్గించి, రొమ్ములో పొడవకుండా, అంగుళం అంగుళం తిప్పాడు. లోయలోంచి చల్లగాలి కొట్టింది. ఉస్మాన్ కళ్లు రోడ్డు మీదే పెట్టి, ఎడమ చెయ్యి చాచి, ముందు సీటు వైపు ఏసీ రెక్కను తడుముకుని మూశాడు.

భాగ్యమ్మ వెనక నుంచి చూసింది. కొంగు తల మీదికి లాక్కుని, ముందు సీటు వెనక ఆనించి ఉన్న తన మోకాళ్లను మెల్లగా పక్కకు జరుపుకుంది.