బావకు అంటగట్టిన మరుపు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అది ఒక మంచి మనిషిని లోపలి నుంచి కొంచెం కొంచెంగా తినేసింది. తింటున్నంత కాలం నేను పక్కనే ఉన్నాను. చూస్తూ ఉన్నాను. ఆయన ఇంట్లో కూర్చుని అన్నం కూడా తిన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాననుకుంటా. నా పేరు మాత్రం అడగకండి.

మాది రామన్నపేట. కార్లకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేస్తాను. మా అక్కను ఆ ఊళ్లోనే నేతపని చేసే ఇంట్లో ఇచ్చారు. బావ పేరు యాదగిరి. పోచంపల్లిలో పని నేర్చినవాడు. నూలు పోగులకు ముడులు కట్టి రంగులో ముంచితే, ఏ ముడి విప్పిన చోట ఏ రంగు నిలుస్తుందో, మగ్గం మీదికి వచ్చాక అది చిలుక అవుతుందో పువ్వు అవుతుందో అంతా ఆయన తలలోనే ఉండేది. కాగితం మీద గీసుకోవడం నేనెన్నడూ చూడలేదు. అక్క నవ్వుతూ అనేది, తన పుట్టినరోజు తప్ప ఆయనకు అన్నీ యాదికుంటాయని.

తెలంగాణ వచ్చిన తర్వాత యాదగిరిగుట్టకు జనం పెరిగారు. ఇక్కడేమో చీరలకు గిరాకీ తగ్గింది. అక్క చేతి వంట బాగుంటుంది. పండుగ దినాల్లో, శని ఆదివారాల్లో గుట్ట కింద పులిహోర, పప్పన్నం అమ్ముదామని ఇద్దరూ అనుకున్నారు. బావ ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. ఎప్పుడో ఏదో ఆఫీసులో తిరిగిన తెల్ల కారు. పొయ్యి, గిన్నెలు, బల్లలు వేసుకుపోవడానికి వెల్డింగ్ షాపులో చిన్న ట్రాలీ చేయించి దాని వెనక తగిలించాడు. ట్రాలీకి లైట్లు పెట్టే పని నాకు చెప్పాడు. బామ్మర్దిని నేనుండగా ఇంకొకరికి ఎందుకు చెప్తాడు?

ఆ కారు డిక్కీ విప్పితే వైర్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి, దుమ్ము రంగులో. ఎర్రదేదో, పచ్చదేదో తెలియదు. టెస్టు బల్బు పట్టుకుని ఒక్కొక్కటి వెతికాను. పార్కింగ్ లైటుది, బ్రేకుది, ఇండికేటర్లవి. అన్నింటికీ అతుకులు వేసి, టేపు చుట్టి, ఒక సాకెట్లోకి తెచ్చాను. ట్రాలీ నుంచి వచ్చే ప్లగ్గు అందులో పెడితే లైట్లు వెలగాలి. వెలిగాయి.

ఒక్క వైరు మిగిలింది. ఎర్తు వైరు. కరెంటు బల్బు దాకా పోతే చాలదు, బల్బు నుంచి మళ్లీ బ్యాటరీకి రావాలి. ఆ తిరుగు దారి కోసం విడిగా ఒక వైరు లాగాలి. నాకు తెలియనిది కాదు. తెచ్చిన వైరు అయిపోయింది. ఇంకోటి కోసం షాపు దాకా పోవాలి. ట్రాలీ హుక్కు, కారు హుక్కు రెండూ ఇనుమే కదా, ఆ తాకిడిలోంచే కరెంటు తిరిగి వస్తుంది, ఇప్పటికి నడుస్తుందిలే అనుకున్నాను. కొత్తగా ఉన్నప్పుడు నడుస్తుంది. తుప్పు పట్టాక, గ్రీసు చేరాక, గుంతల్లో ట్రాలీ ఎగిరినప్పుడల్లా ఆ తాకిడి తప్పుతుంది. అప్పుడు ఒక లైటు కాదు, అన్నీ ఆరిపోతాయి. ఇది కూడా నాకు తెలుసు. తర్వాత వచ్చి వేద్దామనుకున్నాను.

వేయలేదు. పనులున్నాయి. అంతకంటే చెప్పుకోదగ్గ కారణం నా దగ్గర లేదు.

కొన్నాళ్లకు బావ ఫోన్ చేశాడు, లైట్లు పోతున్నాయి, వస్తున్నాయి అని. పాత కారు కదా బావా, తీరినప్పుడు చూస్తానన్నాను. ఆయన సరే అన్నాడు. రెండోసారి అడగలేదు. అడిగి నన్ను ఇబ్బంది పెట్టడం ఆయనకు ఇష్టం ఉండదు.

ఆ రోజు వాన తుంపర. గుట్ట నుంచి బావ ఒక్కడే వస్తున్నాడు. అక్కకు జ్వరమని ఇంట్లోనే ఉంది. పొద్దు గూకింది. ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా, వెనక నుంచి వచ్చిన మోటారు సైకిల్ ట్రాలీకి గుద్దుకుంది. నడుపుతున్నవాడు నర్సింహ అనే మేస్త్రీ. పని ముగించుకుని ఇంటికి పోతున్నాడు. బావ నాకు ఫోన్ చేస్తే బండి మీద ఉరికాను. నేను చేరేసరికి నలుగురు కలిసి నర్సింహను ఆటోలోకి ఎక్కిస్తున్నారు. అతని తల అటూ ఇటూ వేలాడుతోంది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయిందని తర్వాత తెలిసింది.

జనమంతా ఆటో దగ్గర ఉన్నారు. నేను ట్రాలీ ముందు భాగానికి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? నా కాళ్లు ముందుగా అక్కడికే ఎందుకు పోయాయి? ప్లగ్గు సాకెట్లో గట్టిగా కూర్చుని ఉంది. కారు లైట్ల స్విచ్చు వేసే ఉంది. ట్రాలీ వెనక చీకటి. నేను ట్రాలీ మీద చేయి ఆనించి వంగాను. ఆ బరువుకు హుక్కు కదిలింది. వెనక ఎర్ర లైటు వెలిగింది. రోడ్డు మీద నీళ్లు, ఆ నీళ్లలో ఒక చెప్పు, అన్నీ ఎర్రగా కనిపించాయి. చేయి తీశాను. ఆరిపోయింది.

ఎవరూ చూడలేదు. నేను ప్లగ్గు పట్టుకుని లాగేశాను.

ఆలోచించి చేశానా అని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. భయంతో చేశానని చెప్పుకుంటే కొంచెం తేలికగా ఉంటుంది. కానీ లాగిన తర్వాత ఆ వైరు సహజంగా వేలాడేటట్టు సర్దాను. భయపడ్డ చేయి సర్దుతుందా?

బావ నా దగ్గరికి వచ్చాడు. చొక్కా నిండా నెత్తురు, ఆయనది కాదు.

"లైట్లు రాలేదట బామ్మర్ది. అందరు అంటున్నరు. నేను పొద్దుగాల ప్లగ్గు పెట్టిన గదా?"

"ఊడి ఉన్నది బావా. పెట్టుడు మర్చిపోయినవేమో."

ఆయన వేలాడుతున్న ప్లగ్గు వైపు చూశాడు. వాదిస్తాడనుకున్నాను. పెట్టిన, నాకు యాదికున్నది అంటాడనుకున్నాను.

"పెట్టిన అనుకున్న," అన్నాడు. "పెట్టనట్టున్న."

అంతే. నన్ను నమ్మినంతగా తనను తాను నమ్మలేదు.

పోలీసులకు కూడా ఆయనే చెప్పాడు, నా మరుపే సారూ అని. నన్ను పిలిచి అడిగితే లైట్లు బాగానే చేసి ఇచ్చానన్నాను. కేసు నడిచింది. బావ కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. ములాఖత్‌కు వెళితే నా షాపు ఎట్లా నడుస్తోందని అడిగేవాడు.

తిరిగి వచ్చాక ఆయన మునుపటి మనిషి కాదు. కారు అమ్మేశాడు. మగ్గం ముందు కూర్చుని పోగులకు ముడులు కట్టబోయి ఆగిపోయేవాడు. ఇక్కడ కట్టానా లేదా అని అక్కను పిలిచి చూపించేవాడు. ఆమెకేం తెలుస్తుంది? చివరకు ఆ పని మానేసి, ఇంకొకరు రంగు వేసి ఇచ్చిన నూలును నేయడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి బయలుదేరితే తాళం వేశానా అని సగం దారి నుంచి వెనక్కి వచ్చేవాడు. గ్యాసు బంద్ చేశామా అని పడుకున్నాక కూడా లేచేవాడు. నర్సింహ ఊరికి పోయి అతని భార్య లక్ష్మమ్మ కాళ్ల మీద పడ్డాడు. ఆమె తలుపు వేసుకుంది. ఆయన అరుగు మీద పెట్టి వచ్చిన బియ్యం బస్తాను మరునాడు వీధిలో పారబోసిందని ఎవరో చెప్పారు. విని, ఆమె చేసింది న్యాయమే అన్నాడు.

ఇవన్నీ ఆపగలిగిన మాట నా నోట్లోనే ఉంది. చెబితే జైలుకు నేను పోతానని మొదట చెప్పలేదు. ఆయన జైలు అనుభవించి వచ్చేశాక, ఇప్పుడు చెప్పి లాభమేమిటని చెప్పలేదు. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక చెప్పలేదు. కారణం మారుతూ వచ్చింది. నేను మాత్రం మారలేదు.

పోయిన వానాకాలంలో బావకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. నల్లగొండ దవాఖానలో చేర్చాం. ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర నేనొక్కడినే ఉన్నాను. కిటికీ వైపు తిరిగి పడుకుని, తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడాడు.

"గన్ని డిజైన్లు తలకాయల పెట్టుకున్నోన్ని. గా ఒక్కటి ఎట్ల మరిచిన బామ్మర్ది?"

చాలాసేపు అక్కడికి ఎవరూ రాలేదు. నర్సు రాలేదు, అక్క రాలేదు, ఫోన్ మోగలేదు. నన్ను ఏదీ ఆపలేదు. నేను ఆయన దుప్పటి సర్ది, నీళ్లు తాగుతావా బావా అని అడిగాను.

ఆ వారంలోనే పోయాడు.

దినాలన్నీ అయిపోయాక అక్క ఇంటికి వెళ్లాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఎర్తు వైరు గురించి, లైటు వెలిగి ఆరడం గురించి, ప్లగ్గు గురించి. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. ఆమె చేతులు చాటలోనే ఉండిపోయాయి.

"పానం పోయేదాక అడుగుతుండె," అంది. "గ్యాసు బంద్ చేసిన్నా, తలుపేసిన్నా అని. నేను కసురుకునేదాన్ని. ఎన్నిసార్లు చెప్పాలె నీకు, మతి లేదా అని తిట్టేదాన్ని. గిన్నేండ్లు నాతోని ఆయన్ను తిట్టిపిచ్చినవు గదరా."

నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"లే. పో ఇగ," అంది.

వచ్చేశాను. ఆ తర్వాత ఆమె నా ఫోన్ ఎత్తలేదు. ఎత్తాలని అడిగే హక్కు నాకు లేదు. క్షమించమని మిమ్మల్ని కూడా అడగడం లేదు. మీరు క్షమిస్తే బావకు ఏం అందుతుంది? కాకపోతే ఈ నాలుగు ముక్కలు చెప్పుకుంటుంటే, ఎన్నో ఏళ్ల తర్వాత నా గొంతు నాదిలాగా వినిపిస్తోంది.

ఇంకా ఒక ఇల్లుంది. లక్ష్మమ్మ ఇల్లు. తన మనిషిని పొట్టన పెట్టుకున్నది ఎవరో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. బావే అనుకుంటోంది. పొద్దున మోటారు సైకిల్ తీసి ఆ ఊరి మలుపు దాకా వెళ్లాను. అక్కడే నిలబడి, మొదటి మాట ఏం మాట్లాడాలో తోచక తిరిగి వచ్చాను. వచ్చి, ఇదంతా మీకు చెప్పాను. రేపు మళ్లీ వెళతాను.