కౌన్సెలింగ్ నిధుల కోసం రెండుసార్లు రాశాను

జగిత్యాల కాలేజీలో నేను తెలుగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ పిల్లలు తమ బాధలు చెప్పుకోవడానికి నా దగ్గరికే వచ్చేవారు. అందుకే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు నిధులిస్తుందని తెలిసినప్పుడు అర్జీ నేనే రాశాను. ఆ పని నాకే అప్పగిస్తారనుకున్నాను.

నిధులొచ్చాయి. వాటితో సిరిసిల్ల నుంచి సైకాలజీ చదివిన ఒకమ్మాయిని పెట్టారు. నా వయసులో సగం ఉంటుంది. వారానికి రెండు రోజులు బస్సులో వచ్చేది. నెల తిరక్కుండానే ఆమె గది ముందు చెప్పులు బారులు తీరాయి. నీళ్ల సీసా నింపుకునే వంకతో అటు వెళ్లి లెక్కపెట్టేదాన్ని.

ఒకరోజు ఆ గదిలోంచి కోరుట్ల అమ్మాయి బయటికొచ్చింది. తండ్రి దుబాయిలో ఉంటాడు. మొదటి ఏడాదంతా నా పక్కన కూర్చుని ఏడ్చిన పిల్ల. ఆపి అడిగాను.

"నాకు చెప్పనిది ఆమెకేం చెప్తున్నవ్ బిడ్డా?"

తల వంచుకుంది. "మీరు మంచోళ్లే మేడం. గని పోయినేడు నేను చెప్పిందంతా మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన్రు. అమ్మ నాయినకు చెప్పింది. నెల రోజులు నన్ను కాలేజికి పంపలే. గా మేడం ఎవ్వలకు చెప్పరు."

సిగ్గుపడాల్సింది. కోపమొచ్చింది, అదీ సిరిసిల్ల అమ్మాయి మీద.

ఏడాది చివర ప్రిన్సిపాల్ పిలిచారు. "నిధులు మళ్ల కావాల్నా అని అడుగుతున్నరు. అర్జీ రాసింది మీరే కదా, మీరే చెప్పుండ్రి."

అక్కడే కూర్చుని రాసిచ్చాను, పిల్లల సంగతి అధ్యాపకులే చూసుకోగలరని. ఆయన చదివి స్టాంపు కోసం సొరుగు తీశారు. అప్పుడు ఆ నెల రోజుల హాజరు గుర్తొచ్చింది. ఆ పిల్ల పేరు పిలిచేదాన్ని, జవాబు రాకపోతే ఆబ్సెంటు వేసేదాన్ని. ఎందుకు రావడం లేదని ఒక్కరోజూ అడగలేదు.

"ఒక్క నిమిషం సార్" అని కాగితం వెనక్కి తీసుకున్నాను. వారానికి రెండు రోజులు చాలడం లేదు, నాలుగు కావాలని మళ్లీ రాశాను.

నాలుగు రోజులూ మంజూరయ్యాయి. సిరిసిల్ల అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కొచ్చి, "మీరే రాసిన్రట కదా మేడం" అంటూ చేతులు పట్టుకుంది. నవ్వాను. లోపల మాత్రం మండుతూనే ఉంది.

ఆ మరుసటి ఏడాది కోరుట్ల అమ్మాయికి పీజీ సీటొచ్చింది. స్వీట్ల డబ్బాతో నా దగ్గరికొచ్చింది.

"ముందుగాల గా మేడంకు చెప్పి, ఇటే అచ్చిన" అంది సంతోషంగా.

డబ్బాలో ఒక లడ్డూ అప్పటికే తక్కువుంది. నేనూ ఒకటి తీసుకుని తిన్నాను.