మిషను వదిలిన నీళ్ళు

మల్లెతీగలు రెండు. కనకాంబరం మొక్కలు పదకొండు. మిరప ఆరు, వంగ నాలుగు, తులసి ఒకటి. మొత్తం ఇరవై నాలుగు. ఒక్క వేసవిలో మా పెరట్లో చచ్చిపోయినవి ఇవి. కరివేపచెట్టుకు ఏడు కొమ్మలుంటే నాలుగు ఎండిపోయాయి. దాన్ని ఈ మొత్తంలో కలపలేదు, ఎందుకంటే అది బతికింది. పైగా అది మాది కాదు, పక్కింటి పెద్దమ్మది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పిలుపు మాత్రమే. ముత్తియాల్‌పేటలో మా రెండిళ్ళకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటుంది. ఆమె ఇల్లు తిరగకట్టినప్పుడు పెరడంతా సిమెంటు అయిపోయింది. అప్పుడు తన కరివేప మొక్కను వేరుతో సహా తెచ్చి మా వైపు గోడవార నాటించింది. ఆ ఆకుతో పొడి కొట్టి గోరిమేడు వైపు వాడుక ఇళ్ళకు పంపుతుంది. భర్త పోయాక ఆమె చేతి ఖర్చంతా ఆ సీసాల మీదే. సంత ఆకు వేస్తే వాసన రాదని, వాడుక ఇళ్ళవాళ్ళు ఒక్క ముద్దకే పట్టేస్తారని అనేది.

నేను మేట్టుపాళయంలో ఒక గోడౌనులో సరుకు చూసుకుంటాను. బడిలో లెక్కలు రాలేదు. మూటలు లెక్కపెట్టి నేర్చుకున్నవే. ఇంట్లో కూడా ఏదో ఒకటి కొలుస్తుంటాను. మునిసిపాలిటీ కుళాయి సందు చివరనున్న మా ఇంటికి వచ్చేసరికి దారంలా సన్నగా పడుతుంది. అందుకని బోరు నీళ్ళనే మిషనులో శుద్ధి చేసుకుని తాగుతాం. ఆ మిషను పన్నెండు లీటర్లు మంచినీళ్ళు ఇవ్వడానికి ముప్పై ఆరు లీటర్లు పక్క గొట్టంలోంచి వదిలేస్తుందని ఒకరోజు కొలిచి తెలుసుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు ఆ గొట్టం కింద బకెట్టు పెట్టాను. చూడ్డానికి తేటగా ఉన్న నీళ్ళు. అన్నీ మొక్కలకే పోశాను. డెబ్బై ఎనిమిది రోజులు. క్యాలెండరు కాగితం వెనక రోజూ గీత గీసి, చివర కూడితే రెండువేల ఎనిమిదివందల ఎనిమిది లీటర్లు మిగిలినట్టు తేలింది.

నలభయ్యో రోజు నుంచే ఆకుల అంచులు మాడడం మొదలైంది. ఎండ ఎక్కువైందనుకుని అవే నీళ్ళు రెండు పూటలా పోశాను. కనకాంబరాలు వరుసగా వాలిపోయాయి. కరివేపచెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టాక పెద్దమ్మ గోడ మీంచి చూడడం మానేసి, చుట్టూ తిరిగి మా వాకిట్లోంచే వచ్చింది. చెట్టు మొదట్లో కూర్చుని మట్టి మీద తెల్లగా కట్టిన పొరను గోటితో గీకి నాలుక మీద వేసుకుంది.

"ఏంది కణక్కుపిళ్ళా, నా చెట్టును ఊరగాయ పెడుతుండావా?" అంది. లెక్కల గుమస్తా అనే అర్థంలో ఆమె నాకు పెట్టిన పేరు అది.

"ఎండ దెబ్బ పెద్దమ్మా. రేపటినుంచి ఇంకో బకెట్టు పోస్తాను."

"పోస్తావు, పోస్తావు. ముందు ఇది నాకి చూడు."

నాకాను. ఉప్పు.

"యాడి నీళ్ళు పోసినావు దీనికి?"

"మిషను వదిలేవి. ఊరికే కాలవలో పోతున్నాయని..."

"మీరు తాగే నీళ్ళల్లోంచి తీసేసిన ఉప్పు యాడికి పోతాది అబ్బయ్యా, ఆకాశానికా?"

లీటర్లు కొలిచాను కానీ అందులో ఏముందో చూడలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, "రెండువేల ఎనిమిదివందల లీటర్లు మిగిలినాయి కదా, వాటిని చూసుకోని మురిసిపోండి. మొక్కలే మిగల్లేదు," అంది. పైన ఎనిమిది లీటర్లు వదిలేసింది.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఎండిన కొమ్మను విరిచి లోపల పచ్చగా ఉందేమో చూసింది. మూడు కొమ్మల్లో ఉంది. "ఇది పోతే నేను పొడి నిలిపేయాల్సిందే. మళ్ళా మొక్క ఎదిగేదాకా ఎవరు కాచుకోనుంటారు?" అంది. ఆమె అలా మెల్లగా మాట్లాడడం అంతకుముందు వినలేదు.

ఉప్పును కడగాలంటే మంచినీళ్ళే కావాలి. ఆమె ఇంటి కుళాయి ధారగా వస్తుంది. రెండంగుళాల పై మట్టి గీకి తీసేశాను. గునపంతో చుట్టూ గుల్లచేశాను. రోజూ తెల్లారి నీళ్ళు వదిలినప్పుడు ఆమె ముక్కాలిపీట ఎక్కి గోడ మీంచి బిందె అందించేది, నేను అందుకుని చెట్టు మొదట్లో మెల్లగా వంచేవాణ్ణి. ఒక బిందె ఇంకిపోయాకే ఇంకోటి. కూరగాయలు కడిగిన నీళ్ళు కూడా వృథా కానివ్వని నేను, తాగే నీళ్ళను బిందెలకు బిందెలు మట్టిలో పోశాను. రోజుకు ఆరు, పద్నాలుగు రోజులు. ఎనభై నాలుగు బిందెలు. అందులో ఒకటి గోడ మీదే నా చొక్కాలోకి ఒలికింది. అది లెక్కలోంచి తీసెయ్యమంది. నీ కుళాయిలోంచి వచ్చింది కదా పెద్దమ్మా అని ఉంచేశాను.

పంతొమ్మిదో రోజున మొండికొమ్మ పక్కన ఎర్రటి చిగురు కనిపించింది. గోరంత. ఆమెను కేకేసి పిలిచాను. గోడ మీంచి వంగి చాలాసేపు చూసి, "సరి, కాఫీ తాగు పో," అంది. అంతే.

ఇప్పుడు మిషను నీళ్ళతో నేల తుడుస్తాం, బండి కడుగుతాం. మొక్కలకు బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, అదీ పొద్దు వాలాక. మొదళ్ళలో ఎండాకు మందంగా పరిచాను కాబట్టి మునుపటిలో సగం నీళ్ళే పడుతున్నాయి. మల్లె మళ్ళీ నాటాం. సాయంత్రాలు ఆ పెరట్లో కూర్చుంటే నాకు ఇంకేం కావాలనిపించదు.

ఆ ఎనభై నాలుగు బిందెల బాకీ మాత్రం తీర్చాలి. ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో పడే వానలకు మేడమీది గొట్టం కింద గుడ్డ కట్టిన డ్రమ్ము పెట్టి, అదే బిందెతో గోడ మీంచి తిరిగి ఇస్తున్నాను. వాననీళ్ళకు కందిపప్పు మెత్తగా ఉడుకుతుందని పప్పుకు సరిపడానే పుచ్చుకుంటుంది, అంతకు మించి ఒక్క బిందె తీసుకోదు. మొదటి ఏడు ఇరవై తొమ్మిది, మరుసటి ఏడు ఇరవై రెండు.

"చెట్టు మీద అంత వాన పడె కదా. నీ బాకీ ఆకాశమే కట్టేసింది, పో," అంది మొన్న, ఆకు కోసుకుంటూ.

"ఆకాశం పోసింది ఆకాశం లెక్క పెద్దమ్మా. నాది వేరే."

"ఇంకా ఎంతుండాదంట?"

ముప్పై మూడు బిందెలు.