ఎనిమిది అక్షరాల పేరు

నేను చేసిన తప్పు చిన్నదే. దాన్ని దాచడానికి చేసింది చిన్నది కాదు. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. పేర్లతో నేను చేసిన నిర్వాకం చదివాక ఎందుకో మీకే తెలుస్తుంది.

మాది రాయగడలో చింతపండు, మిరపకాయలు టోకున అమ్మే కుటుంబం. తాతలు విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. తొంభైల చివర్లో నేను డిగ్రీ అయ్యాక మా వీధి చివరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా పెట్టిన కంప్యూటరు కోర్సు చేశాను. ఆ కాగితం పట్టుకుని వెళితే కొరాపుట్‌లో దాతల సొమ్ముతో నడిచే ఒక కంటి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో జీతానికి పనిచేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ గర్వం నెత్తికెక్కింది.

ఆసుపత్రి వాళ్లు కొండల్లో ఊరూరా కంటి శిబిరాలు పెట్టేవారు. శుక్లాలున్న వాళ్లను గుర్తించి, వారం తర్వాత జీపు పంపి, కొరాపుట్ తెచ్చి ఆపరేషన్ చేసేవారు. ఎవరిని తేవాలో చెప్పే జాబితా నా కంప్యూటరులోంచి అచ్చయి వెళ్లాలి. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు రెండు మామూలు కంప్యూటర్లనీ ఒక పెద్దదాన్నీ తీగలతో కలిపాడు. పెద్దదాంట్లో ఒక్కో శిబిరానికి ఒక్కో అర. ఏ కంప్యూటరు నుంచైనా ఆ అర తెరవాలంటే దాని పేరు కొట్టాలి. ఆ పేర్లకు నియమాలున్నాయి: అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలుకాకూడదు, ఎనిమిది అక్షరాలు దాటకూడదు, ఒకసారి వాడిన పేరు రెండోసారి వాడకూడదు. వాటిని ఎర్రసిరాతో రాసి గోడకి అంటించాను.

లమ్తపుట్ ఎనిమిది అక్షరాల్లో సరిగ్గా పట్టింది. పొట్టంగీ పట్టింది. బోరిగుమ్మకి తొమ్మిది కావలసి వచ్చాయి. చివరి అక్షరం కోసేశాను. ఆ ఊరి నర్సు చూసి, "మా ఊరి తోక కోసీసినావేటమ్మీ!" అని నవ్వింది. నేను నవ్వకుండా, గోడ మీది కాగితం చూపించాను.

రోగుల ఫైళ్లకూ అవే నియమాలు. పేరులో మొదటి అయిదు అక్షరాలు, ఊరి పేరులో మొదటి మూడు అని పద్ధతి నేనే పెట్టాను. ఇంజనీరు బాగానే ఉందన్నాడు. బాగాలేదన్నది ఒక్క మనిషే. ఆసుపత్రి పెట్టిన నాటి నుంచి రిజిస్టరు రాస్తున్న పెద్దాయన. గుణుపురం దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. నేను బాబాయి అని పిలిచేదాన్ని. శిబిరంలో ఆయన రిజిస్టరు రాసి, ఒక్కో మనిషికీ ఒక్కో చీటీ నాకిస్తే, అది చూసి నేను టైపు చేసి చీటీ చింపేసేదాన్ని.

"అమ్మీ, పేరు మీద ఎట్టకు. రిజిస్టరు నంబరు మీద ఎట్టు. ఈ కొండల్లో పుట్టిన వారమే పేరు. బుధారం పుట్టినోళ్లందరికీ ఒకటే పేరు. ఊరికి పదిమందుంటారు" అన్నాడాయన.

"అంకెతో మొదలెట్టకూడదు బాబాయ్, చదవండి" అని గోడ చూపించాను.

"ముందర ఒక అచ్చరం తగిలించి, ఎనకాల నంబరు ఎయ్యలేవేటి?"

ఎయ్యగలను. ఆ మాట నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది. అదే నచ్చలేదు. "కంప్యూటరు సంగతి మీకు తెలీదు" అన్నాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ రాతలో పడ్డాడు.

లమ్తపుట్ శిబిరం చీటీలు టైపు చేస్తున్న రోజు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని మీదే రాయమంటావా అని. పొద్దున్న నేనే కొట్టి మరిచిపోయి ఉంటాననుకుని అవునని నొక్కాను. భర్త పేరు చూడలేదు. వయసు చూడలేదు. చీటీ చింపేశాను.

మరుసటి వారం జీపు నిండా మనుషులు వచ్చారు. ఆ తర్వాత రెండు రోజులకు ఒక ముసలమ్మ, కోడలి చెయ్యి పట్టుకుని, బస్సులో కొరాపుట్ వచ్చింది. జీపు వాళ్లు ఆవిడ పేరు ఒక్కసారే పిలిచారట. అదే పేరున్న నడివయసు మనిషి లేచి ఎక్కింది. రెండో పేరు జాబితాలో లేదు, ఆసుపత్రికి వెళ్లి అడగమన్నారట.

ఊరి పేరు చెప్పింది. వెతికాను. ఒక్క ఫైలే ఉంది, ఆపరేషన్ అయిపోయిన మనిషిది.

"నీ పేరు లేదు. నిన్నెవరూ పరీక్ష చెయ్యలేదు" అన్నాను, నాకు వచ్చిన కొండవాళ్ల భాష దేశియాలో.

ఆవిడ చేత్తో తడుముకుని నుదురు చూపించింది. ఏ కంటికి ఆపరేషన్ చెయ్యాలో గుర్తుగా శిబిరంలో దానిపైన తెల్ల ప్లాస్టరు అంటించేవారు. అది ఇంకా ఉంది. చెమటకీ పొగకీ నల్లబడిపోయింది. తియ్యొద్దన్నారని అన్ని రోజులూ మొహం కూడా సరిగ్గా కడుక్కోలేదని కోడలు చెప్పింది.

ఆ ప్లాస్టరు చూసిన క్షణానే నాకు తెలిసింది. తెర మీద అడిగిన ప్రశ్నా, నేను నొక్కిన మీటా గుర్తొచ్చాయి. అయినా, "లేదమ్మా, మళ్లీ శిబిరం పెట్టినప్పుడు రా" అన్నాను. వాళ్లిద్దరూ మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు.

అంతా వింటున్న బాబాయి రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచాడు. ఒకే ఊరు, ఒకే పేరు, రెండు వరుసలు. వేరువేరు భర్తలు, వేరువేరు వయసులు. ఆయన ఏమీ అనకముందే పెద్ద డాక్టరు లోపలికి వచ్చాడు. గేటు దగ్గర ప్లాస్టరుతో ఏడుస్తూ వెళ్తున్న ముసలమ్మ ఎవరని అడిగాడు.

"నాకు ఒక్క చీటీయే వచ్చింది సార్" అన్నాను.

ఇన్నేళ్లయినా ఆ వాక్యం నా గొంతులోనే నాకు వినిపిస్తుంది. తడబాటు లేకుండా, మర్యాదగా అన్నాను. చీటీలు చింపేసినవే కదా, ఎవరూ నిరూపించలేరు.

డాక్టరు బాబాయిని నర్సుల ముందు, వరసలో కూర్చున్న రోగుల ముందు హిందీలో తిట్టాడు. కళ్లు కనబడకపోతే ఇంటికి పొమ్మన్నాడు. కళ్ల ఆసుపత్రిలో ఆ మాట విని ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి నా వైపు ఒక్కసారి చూసి, చూపు దించేసుకున్నాడు. రెండు చీటీలూ ఇచ్చానని ఒక్క మాట కూడా అనలేదు. డాక్టరు వెళ్లాక, "ముందు ఆ ముసల్దాన్ని ఎతకాల. రేపు ఎల్దాం, రా" అన్నాడంతే.

లమ్తపుట్‌లో బస్సు దిగి కొండదారిన నడిచాం. ముసలమ్మ వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. ప్లాస్టరు తీసేసింది. రానంది. మళ్లీ అంతదూరం వస్తే మళ్లీ పేరు లేదంటే ఏం చెయ్యాలని అడిగింది. బాబాయి ఆవిడ పక్కన కూర్చుని అంబలి తాగి, పొద్దు వాలేదాకా ఆ మాటా ఈ మాటా చెబుతూనే ఉన్నాడు. నేను దూరంగా నిలబడ్డాను. చివరికి ఆవిడ లేచి చీర మార్చుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు నల్ల కళ్లద్దాలతో నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ ఇంతకుముందు నా మొహం చూడలేదు. నా గొంతూ గుర్తుపట్టలేదేమో. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేకపోయాను.

వారం తిరక్కుండా బాబాయిని రిజిస్టరు నుంచి తీసి మందుల గదిలో పెట్టెలు లెక్కబెట్టే పనిలో వేశారు. ఆ నెలలోనే నేను ఫైళ్ల పద్ధతి మార్చాను, ముందు ఒక అక్షరం, వెనక నంబరు. తెలివైన పిల్ల అని డాక్టరు అందరిలో మెచ్చుకున్నాడు. థాంక్యూ సార్ అన్నాను.

ఏళ్లు గడిచాయి. నేను రాయగడలో వేరే ఉద్యోగంలో చేరాను. కొత్త కంప్యూటర్లు వచ్చాయి, ఎంత పొడుగు పేరైనా పట్టేది. ఫైలు మీద ఫైలు రాయమంటావా అని తెర అడిగినప్పుడల్లా నా చెయ్యి ఆగేది. బాబాయి పని మానేసి గుణుపురం దగ్గర సొంతూరు వెళ్లిపోయాడని తెలిసి, ఒక ఆదివారం బస్సెక్కాను.

ఆయన కళ్లంలో ఉన్నాడు. గుర్తుపట్టి మంచం వాల్చాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"నాకు తెల్సు. రెండు సీటీలూ ఇచ్చింది నానే కదేటి" అన్నాడు.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు బాబాయ్?"

"నువ్వు సెప్తావేమోనని సూసేను. సాయంత్రం దాకా సూసేను. లమ్తపుట్ దారంతా సూసేను."

క్షమించమన్నాను. ఆయన ఒక గడ్డిపరక తీసి నలిపాడు. తర్వాత, "నాకు సెప్తే ఏటొచ్చింది? మా ఇంటిదానికి సెప్పు. కళ్లు కనబడక తప్పు రాసి మాట పడ్డాడని ఇప్పటికీ అదే అనుకుంటాది" అన్నాడు.

ఇంట్లోకి తీసుకెళ్లాడు. పిన్ని అప్పటికే నాకు విస్తరి వేస్తోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఆవిడకు మొత్తం చెప్పాను. చీటీ, అబద్ధం, తర్వాత దొరికిన మెచ్చుకోలు కూడా. డాక్టరుకి చెప్పినా ఇంత కష్టమయ్యేది కాదేమో.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఆ ఏడు ఈయన మూడు నెల్లు ఎవులతోటీ మాటాడలేదు. నానూ అన్నాను, సరిగ్గా సూసి రాసుకోకూడదేటని" అంది. ఆ మాట నాకు కాదు, గుమ్మంలో ఉన్న ఆయనకు చెప్పింది.

కాసేపటికి ఆవిడ వంగి నా విస్తట్లో అన్నం పెట్టింది. "తిను" అంది. నేను తలెత్తకుండా మొత్తం తిన్నాను.