ఎనిమిది తలల పాము, ఒక నీళ్లబిందె

కార్డు బలం దాని బొమ్మలో ఉంటుందని నమ్మిన పెద్దమనిషిని నేను. కోర్టు దగ్గర అర్జీలు టైపు చేసే నలభై మూడేళ్లవాణ్ని, తళతళలాడే ఎనిమిది తలల పామును చూసి మురిసిపోయాను. చేతి నిండా ముక్కలున్నాయి, తలలోనే ముక్క లేదు.

నయాపూల్‌లో ఒక దర్జీ దుకాణం పైగది. ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం మూసి ఉన్నప్పుడు అక్కడ బొమ్మల కార్డుల ఆట ఆడేవాళ్లం, ఎవరి కట్ట వాళ్లు తెచ్చుకుని. నాలుగే కుర్చీలు. నెలలో ఒక్క ఆటైనా గెలవనివాడు కుర్చీ ఖాళీ చేయాలి. వారమంతా ఊరి గోడు టైపు చేసే నాకు, నాదనుకునే చోటు ఆ కుర్చీ ఒక్కటే. అంతకుముందు అలా కుర్చీ పోగొట్టుకున్నాయన ఒకసారి మాదన్నపేట మార్కెట్‌లో ఎదురై, టమాటాల వంక చూస్తూ దాటిపోయాడు. గదిలో ఆయన మాట ఎవరూ ఎత్తరు.

నా ఎదుట కూర్చునేది గాజుల వ్యాపారి. గొంతు ఎప్పుడూ పెంచడు. ఆటకు ముందు కార్డుల మార్పిడి జరిగేది. ఇద్దరూ కార్డులు బల్ల మీద పెట్టి సాసర్‌లో చాయ్ పోసుకుంటారు. సాసర్లు ఖాళీ అయ్యేదాకా మనసు మార్చుకోవచ్చు, ఆ తర్వాత లేదు.

"అన్నా, గీ నీళ్లబిందె నీకెందుకే? పాముని తీస్కో, మస్తుగుంటది," అన్నాడు ఆ నెల మొదటి ఆదివారం.

"గంత మంచిది నాకెందుకిస్తున్నవ్ భాయ్?"

"నీ మీద ప్రేమ."

ఆ ప్రేమ చల్లారకముందే నా చాయ్ ఒక్క గుక్కలో తాగేశాను.

మా ఆటలో ఖర్చు లెక్కకు నూనె అని పేరు. మొదటి వంతుకు ఒక చుక్క దొరుకుతుంది, రెండో వంతుకు రెండు, అలా పెరుగుతుంది. కార్డు దింపాలంటే నూనె ఖర్చు పెట్టాలి. పాముకు ఎనిమిది చుక్కలు కావాలి. మా ఆటలు ఆరో వంతుకే ముగిసేవి. నీళ్లబిందె ఒక్క చుక్కకే రెండు కొత్త కార్డులు తెచ్చిపెడుతుంది. నా పాము ఎనిమిది తలలతోనూ నా చేతిలోనే నిద్రపోయింది.

వారం వారం నా కట్ట మెరిసింది, నా మొహం మాడింది. నేను కచరా అని పక్కన పెట్టినదాన్నే ఆయన రెండు వేళ్లతో మెల్లగా తనవైపు లాక్కునేవాడు. మూడో ఆదివారానికీ నేను ఒక్క ఆట గెలవలేదు. ఆ రోజు ఆయన తన బావమరిదిని తెచ్చాడు. అతను ఆడలేదు. సాయంత్రం దాకా నా వెనక నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. నేను లేవగానే దాన్ని కొంచెం ఊపి చూశాడు, కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో అని.

ఆ రోజు ఉప్పుగూడలో ఇంటికి రాగానే కార్డులన్నీ మంచం మీద పరిచి ఒక్కోదాన్నీ ఒకటే అడిగాను: నేను ఓడిపోతున్నప్పుడు చేతికొస్తే ఏం చేస్తావు? పాములు, ఏనుగులు, రథాలు నోరు విప్పలేదు. వాటిని తీసేసి, మిగిలిన చిన్నా చితకా కార్డులతో కట్ట పేర్చాను. 'దొంగ అద్దం' అనేది మాత్రం చాలాసేపు చూశాను. ఒక్క చుక్కకే ఎదుటివాడి కార్డుకు నకలు తీస్తుంది. కానీ చేతిలో ఇంకే కార్డూ ఉండకూడదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. బిందెలతో నిండిన కట్ట పట్టుకున్నవాడి చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుంది?

చివరి ఆదివారం బావమరిది ముందే వచ్చి నా వెనక నిలబడ్డాడు. అద్దాన్ని బల్ల చివర పెట్టాను.

"గిది కచరా భాయ్. నిజంగ చెప్తున్న, తీస్కోకు."

వ్యాపారి నవ్వాడు. "నువ్వు కచరా అన్నవంటే బంగారమే అన్నా. ఇగో, నా బిందె ఒకటి తీస్కో."

"ఇంక చాయ్ ఉంది. సోచాయించు, మనసు మార్చుకో."

నా కళ్లలోకి చూస్తూనే సాసర్ ఖాళీ చేశాడు.

ఆటలో మూడుసార్లు బిందె దింపాడు. మూడుసార్లూ ఆయన చెయ్యి నిండింది. ఐదో వంతులో నన్ను ఆపేందుకు అద్దం పైకి తీశాడు. పెదవులు కదిలిస్తూ అడుగు దాకా చదివాడు. మళ్లీ చేతిలో పెట్టుకున్నాడు. తర్వాతి వంతులో నేను గెలిచాను. వెనక, కుర్చీ మీద బావమరిది చేతి బరువు తేలిపోయింది.

"చెప్పిన కదా భాయ్," అన్నాను, ఆయన గొంతంత మెత్తగా.